పదో తరగతి మెమరీ కార్డు

జిల్లా దృశ్య సమాచార కార్యాలయానికి నాలుగు మెమరీ కార్డులు వచ్చిన రోజున అక్కడి ఫోటోగ్రాఫరు గుడిమెట్ల జకరయ్య రెండుసార్లు నిట్టూర్చాడు. మొదటిది, ఇన్నాళ్లకు వచ్చాయి కదా అని. రెండోది, కవరు విప్పి చూశాక.

పదకొండు నెలల కిందట అతను పెట్టుకున్న అర్జీలో "ఒకే రకానివి, ఒకే వేగం గలవి రెండు కార్డులు ఇప్పించ ప్రార్థన" అని ఉంది. కొనుగోళ్ల సంఘం నాలుగుసార్లు సమావేశమైంది. రెండూ ఒకే రకం కొంటే ఆ రకం మీద అంత మమకారం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అందుచేత నాలుగు రకాలు, రకానికి ఒకటి చొప్పున కొని, ఏ రకానికీ అన్యాయం జరగకుండా చూశారు.

తపాలా బిళ్లంత ఉన్న ఆ కార్డుల మీద క్లాస్ 2, క్లాస్ 4, క్లాస్ 6, క్లాస్ 10 అని ముద్రించి ఉంది. ఆ అంకె కార్డు వేగాన్ని చెబుతుంది. రెండో నెంబరుది సెకనుకు రెండు మెగాబైట్లు రాసుకుంటే పదో నెంబరుది పది రాసుకుంటుంది. కార్డు ఎంత త్వరగా రాసుకుంటే కెమెరా అంత త్వరగా మరో ఫోటోకు సిద్ధమవుతుంది. ఇందులో తికమక ఏమీ లేదు. తికమక పక్క గదిలో ఉంది.

పక్క గదిలో ఉప సంచాలకులు కోరుకొండ భీమశంకరంగారు ఉంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసులో ఆయన చదివిన పుస్తకం ఒక్కటే, సర్వీసు నిబంధనలు. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టబోతూ ఆయన కార్డుల వంక చూసి ఆగిపోయారు. భూతద్దం తెప్పించుకుని ఒక్కొక్కటే పరిశీలించారు.

"క్లాస్ టూ... క్లాస్ ఫోర్... అంటే వీటికి క్యాడరుందన్నమాట!"

"క్యాడరు కాదు సార్, అది స్పీడండీ," అన్నాడు జకరయ్య. "అంకె పెద్దదైతే స్పీడెక్కువ. అన్నిట్లోకి పదో నెంబరుది మేలండి."

భీమశంకరంగారు అతనివైపు జాలిగా చూశారు.

"జకరయ్యగారూ, మీరు ఫోటోలు బాగా తీస్తారు. రూల్సు సంగతి నాకు వదిలేయండి. రెండో తరగతి కన్నా నాలుగో తరగతి గొప్పదని ప్రభుత్వంలో ఎక్కడైనా విన్నారా?"

"లేదండి. కానీ పదో నెంబరుది చకచకా రాస్తుందండీ."

"మన ఆఫీసులో చకచకా తిరిగేదెవరు? అటెండరు కోటిలింగం. నిదానంగా కదిలేదెవరు? నేను. దీన్నిబట్టి మీకేం అర్థమైంది?"

జకరయ్యకు అర్థమైంది గానీ పైకి చెప్పలేదు. ఇరవయ్యారేళ్ల ఉద్యోగంలో అతను పై అధికారితో ఎన్నడూ వాదించి ఎరగడు.

సాయంత్రానికల్లా సర్క్యులరు వెలువడింది. "విషయం: మెమరీ కార్డుల హోదా, విధుల కేటాయింపు గురించి" అని మొదలైంది. రెండో తరగతి కార్డు గెజిటెడ్ హోదా కలిగినది కావున మంత్రివర్యులు, కలెక్టరు మొదలైన ప్రముఖుల కార్యక్రమాలకు మాత్రమే వినియోగించవలెను. నాలుగో తరగతి కార్డు కార్యాలయ సిబ్బంది గుర్తింపు ఫోటోలకు సరిపోవును. ఆరు, పది తరగతులు సర్వీసు నిబంధనలలో ఎక్కడా లేనందున వాటిని అవుట్‌సోర్సింగ్ సిబ్బందిగా పరిగణించి, ప్రజానీకమును ఫోటోలు తీయుటకు ఉపయోగించవలెను. ప్రముఖుల ఫోటోలకు చిత్తుప్రతి, శుభ్రప్రతి రెండూ భద్రపరచవలెను. ప్రజానీకమునకు శుభ్రప్రతి చాలును.

చిత్తుప్రతి అంటే కెమెరా కంటికి కనిపించినదంతా ఉన్నదున్నట్టు దాచే పెద్ద ఫైలు. శుభ్రప్రతి అనే మామూలు ఫోటోకు అయిదారు రెట్లు బరువు. అన్నిటికన్నా నెమ్మదైన కార్డు మీద అన్నిటికన్నా పెద్ద బరువు పెట్టారన్నమాట.

సర్క్యులరు చదివి సంతోషించినవాడు కోటిలింగం ఒక్కడే. అతను వచ్చే ఏడు రిటైరవుతాడు. నాలుగో తరగతి ఉద్యోగుల సంఘానికి స్థానిక కార్యదర్శి కూడా.

"ఆ నాలుగో నెంబరు కార్డు మా వాడన్నమాట," అన్నాడు జకరయ్యతో. "ఆదివారాలు పని చేయించావంటే ఊరుకోను, చెబుతున్నా. సంఘం తరఫున నోటీసు ఇస్తాం."

"కార్డుకి ఆదివారమేంటయ్యా?"

"హోదా ఉన్నప్పుడు ఆదివారం ఉండదా?"

మొదటి పరీక్ష తాగునీటి ట్యాంకు ప్రారంభోత్సవంలో ఎదురైంది. జకరయ్య రెండో తరగతి కార్డు వేసుకుని వెళ్లాడు. మంత్రిగారు కారు దిగడం ఒకటి, నమస్కారం పెట్టడం ఒకటి, కత్తెర అందుకోవడం ఒకటి, కత్తెర నోరు తెరవడం ఒకటి, నాలుగు ఫోటోలు తీశాడు. ఆ పాత కెమెరా కడుపు అంతటితో నిండిపోయింది. ఎర్రలైటు వెలిగింది. కార్డు ఆ నాలుగింటి చిత్తుప్రతులూ శుభ్రప్రతులూ రాసుకోవడం మొదలుపెట్టింది. ముప్పావు నిమిషం పట్టింది. ఆలోగా మంత్రిగారు రిబ్బను కత్తిరించి, కొళాయి తిప్పి, గుక్కెడు నీళ్లు తాగి, కారెక్కి వెళ్లిపోయారు. అయిదో ఫోటోలో ట్యాంకు మెట్లు, రెండు రిబ్బను ముక్కలు, ఒక కుక్క ఉన్నాయి.

మర్నాడు పత్రికల్లో నాలుగో ఫోటో వచ్చింది. అందులో మంత్రిగారు తెరిచిన కత్తెరను పక్కనున్న తహసీల్దారు మీసానికి గురిపెట్టినట్టున్నారు. మంత్రిగారి పేషీ నుంచి ఫోనొచ్చింది. భీమశంకరంగారు నిలబడి విన్నారు, నిలబడే జవాబిచ్చారు, కూర్చున్నాక జకరయ్యను పిలిచారు.

జకరయ్య ఆశగా వెళ్లాడు. "పదో నెంబరు కార్డు వాడమంటారా సార్?"

"ప్రముఖులకు అవుట్‌సోర్సింగ్ కార్డా! పొరపాటు కార్డుది కాదండీ. హోదా గల కార్డు ఆలోచించి రాస్తుంది. కార్యక్రమాలే మరీ హడావిడిగా జరుగుతున్నాయి."

అలా రెండో సర్క్యులరు కార్యక్రమాల మీదికి వెళ్లింది. ప్రముఖులు తాము చేయు ప్రతి పనినీ ఎర్రలైటు ఆరువరకు కొనసాగించవలెను. లైటు ఆరగానే కోటిలింగం ఈల వేయును. ఈల వినబడువరకు చిరునవ్వు సడలించరాదు.

ఆ నెలంతా జిల్లా ఈల మీద నడిచింది. జ్యోతి వెలిగించడానికి వచ్చిన ముఖ్య అతిథి మూడు అగ్గిపుల్లలూ ఒక వేలూ కాల్చుకున్నారు. దండ వేయబోయినవాడు చేతులు చాచి, వేయించుకునేవారు మెడ వంచి, ముప్పావు నిమిషం అలాగే నిలబడ్డారు. శాంతి సంఘం సమావేశంలో రెండు పార్టీల నాయకులు కరచాలనం చేశారు. ఈల పడేదాకా చెయ్యి వదలడానికి వీల్లేదు కనుక, ఊరికే ఉండలేక మాట్లాడుకున్నారు. ఇద్దరికీ ఎడమ మోకాలే నొప్పని తెలిసింది. ఈల పడ్డాక కూడా చేతులు వదలలేదు. పొత్తు ఖాయమని మర్నాడు రెండు పత్రికలు రాశాయి. ఖండించడానికి ఇద్దరికీ వారం పట్టింది.

ఇంతవరకూ ఓర్చుకోవచ్చు. చిక్కంతా కుట్టుమిషన్ల పంపిణీలో వచ్చింది. మిషను ఇచ్చేది మంత్రిగారు. పుచ్చుకునేది గంగాభ్రమరమ్మ అనే ఆవిడ, పక్కా ప్రజానీకం. ఇద్దరూ ఒకే ఫోటోలో ఉంటారు. ఏ కార్డు వేయాలి?

భీమశంకరంగారు రెండు గంటలు నిబంధనలు తిరగేసి, రెండు ఫోటోలు తీయమన్నారు. మొదట గెజిటెడ్ కార్డు మీద మంత్రిగారు, ఎదురుగా ఎవరూ లేకుండా, గాలికి కుట్టుమిషను అందించారు. తర్వాత పదో తరగతి కార్డు మీద గంగాభ్రమరమ్మ గాలి దగ్గర నుంచి కుట్టుమిషను అందుకుంది.

"ఎవరికి దండం పెట్టమంటారు బాబూ?" అని ఆవిడ అడిగింది.

"కెమెరాకి పెట్టమ్మా," అన్నాడు జకరయ్య. సిగ్గుతో అతని తల వంగిపోయింది. అయినా పదో తరగతి కార్డు పుణ్యమా అని ఆవిడ ఫోటోలు చూడముచ్చటగా వచ్చాయి. మిషను చక్రం తిప్పి చూసుకుంటున్నప్పుడు ఆ ముఖంలో వెలిగిన వెలుగు ఏడు ఫోటోల్లో ఏడు రకాలుగా పడింది. మంత్రిగారి ఫోటోలో ఆయన, విరిగిన మిషనును దుకాణానికి తిరిగి ఇచ్చేస్తున్నట్టున్నారు.

పేషీ నుంచి మళ్లీ ఫోనొచ్చింది. దాంతో మూడో సర్క్యులరు. కెమెరాలో కార్డులకు రెండు గదులు కలవు. కావున ఇకమీదట రెండు తరగతుల కార్డులు కలిపి వాడవచ్చును. మొదటి గదిలో సీనియరు, రెండో గదిలో జూనియరు ఉండవలెను.

"కలపడం మంచిది కాదు సార్," అన్నాడు జకరయ్య. "రెండూ కలిసి రాస్తే స్పీడుదానికి స్పీడు పోతుందండీ. నెమ్మదిది రాసుకునేదాకా రెండోది ఆగాలి."

"అంటే సీనియరు పని పూర్తయ్యేదాకా జూనియరు చేతులు కట్టుకుని నిలబడుతుంది?"

"అవునండి."

"మరి ఎంత చక్కటి కెమెరా అండీ అది!" అన్నారు భీమశంకరంగారు. ఆ ఉత్సాహంలో సర్క్యులరుకు ఏడో పేరా కూడా చేర్చారు. "రెండో గదిలోని కార్డు చేసిన పని యావత్తూ మొదటి గదిలోని కార్డు పర్యవేక్షణలో, దాని ఆదేశముల మేరకు, దాని తరఫున జరిగినట్టే భావించవలెను."

ఆ పద్ధతిలోనే జిల్లా క్రీడా పోటీలు వచ్చాయి. పోటీలకు కన్వీనరూ, అప్పీళ్ల సంఘం అధ్యక్షులూ భీమశంకరంగారే.

పొద్దున్నే ముఖ్య అతిథి జెండా ఎగరేసి, పావురం వదిలి, ఉపన్యసించారు. చిత్తుప్రతులతో మధ్యాహ్నానికల్లా రెండో తరగతి కార్డు పూర్తిగా నిండిపోయింది. ఇక ఒక్క ఫోటో కూడా పట్టదు. మొదటి గదిలోది నిండినప్పుడు రెండో గదిలోని పదో తరగతి కార్డు మీద రాసుకునేలా జకరయ్య కెమెరాను సర్దుకున్నాడు. ముఖ్య అతిథి కొబ్బరినీళ్లకు వెళ్లగానే, చిత్తుప్రతి మీట ఆపేసి, అమ్మాయిల లాంగ్ జంప్ దగ్గరికి నడిచాడు. అక్కడున్నది ప్రజానీకమే.

మొదటి స్థానం వచ్చినవాళ్లే రాష్ట్ర పోటీలకు వెళతారు. అయిదు మీటర్ల పన్నెండుతో పట్నం స్కూలు అమ్మాయి ముందుంది. ఆఖరి దూకుడు సుగుణకుమారిది. పదిహేడేళ్లది, సన్నగా, పొడుగ్గా ఉంది. వాళ్ల నాన్న చేపల రేవులో వలలు బాగు చేస్తాడు. కోచ్ లేడు. సముద్రం ఒడ్డున ఇసకలో గీత గీసుకుని దూకడం నేర్చుకుంది. కిందటి రెండు దూకుళ్లకూ కాలు సరిగా పడక వెనకబడింది.

ఆమె పరుగు మొదలుపెట్టగానే జకరయ్య మీట నొక్కి పట్టుకున్నాడు. పరుగు, చెక్క మీద అడుగు, గాల్లోకి లేవడం, ఇసక చిమ్మడం. కెమెరా ఎక్కడా ఆగకుండా తొమ్మిది ఫోటోలు టకటకా తీసింది. చూస్తున్న జనం "ఓ!" అన్నారు.

జడ్జిగారు ఎర్రజెండా ఎత్తారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి అల్లుడితో ఫోను మాట్లాడుతున్నారు. రెండో చేత్తో జెండా ఎత్తారు. కాలు చెక్క చివరి గీత దాటిందట, దూకుడు చెల్లదట.

"లేదండీ! నా కాలు గీత దాటలేదండీ!" అని సుగుణ మోకాళ్ల మీద ఇసకలోనే కూర్చుండిపోయింది.

ఇసక చదును చేసే మనిషి దంతె తీసుకుని వచ్చాడు. జకరయ్య కెమెరా వెనక తెర మీద ఫోటోలు తిప్పి చూస్తున్నాడు. అయిదో ఫోటో దగ్గర ఆగాడు. పెద్దది చేసి చూశాడు. తెల్లచెక్క మీద ఆమె బూటు ముందుభాగం స్పష్టంగా ఉంది. గీతకు వేలెడు ఇవతలే ఉంది.

"ఆగవయ్యా! ఆ ఇసక ముట్టుకోకు!" అని అరిచాడు. తన గొంతు అంత పెద్దదని అతనికే అప్పటిదాకా తెలియదు.

సముద్రపు గాలి వీస్తోంది. కాసేపైతే గుర్తు చెరిగిపోతుంది. ఈల పట్టుకుని అటువైపే వస్తున్న కోటిలింగం విషయం అడగలేదు, ఆరా తీయలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి, ఇసకలో పడ్డ గుర్తు మీద బోర్లించి, గాలికి అడ్డంగా తను చతికిలబడ్డాడు.

"నువ్వెళ్లు జకరయ్యా. నన్ను లేపాలంటే సంఘం తీర్మానం కావాలి."

టైము మూడు నలభై. రాష్ట్రానికి పేర్లు అయిదింటికల్లా పంపాలి. జకరయ్య సుగుణను వెంటబెట్టుకుని అప్పీళ్ల సంఘం డేరాలోకి వెళ్లాడు. భీమశంకరంగారు అయిదో ఫోటో చూశారు. భూతద్దం పెట్టి కూడా చూశారు.

"కాలు ఇవతలే ఉంది," అన్నారు.

సుగుణ ముఖం విచ్చుకుంది.

"కానీ ఇది ఏ తరగతి కార్డు?"

"పదో తరగతిదండి."

"చూశారా మరి! జడ్జిగారు రెండో తరగతి గెజిటెడ్ అధికారి. ఆయన నిర్ణయాన్ని అవుట్‌సోర్సింగ్ కార్డు ప్రశ్నిస్తుందా? ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు బల్ల తుడిచే గుడ్డ ఫైలు మీద నోటు రాస్తుంది."

"కాలు ఎక్కడుందో కనబడుతూనే ఉంది కదండీ," అంది సుగుణ.

"కనబడటం వేరమ్మా, సాక్ష్యం వేరు. ఈ ఫోటో రెండో తరగతి కార్డు మీద ఉండాలి."

"అందులోకి కాపీ చేస్తానండి," అన్నాడు జకరయ్య.

"కాపీ అనకండి, ప్రమోషను. పది నుంచి ఆరు, ఆరు నుంచి నాలుగు, నాలుగు నుంచి రెండు. మధ్యలో మెట్లు ఎగరకూడదు. పైగా రెండో తరగతిలో ఖాళీ ఉండాలి. ఉందా?"

"లేదండి. ముఖ్య అతిథిగారు, పావురం, అంతా వారేనండి."

"వారిని తొలగించే అధికారం నాక్కూడా లేదు." ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఏం చేస్తాం తల్లీ. వచ్చే ఏడు బాగా దూకు."

సుగుణ ఏడవలేదు. "వచ్చే ఏడు నాకు వయసు దాటిపోద్దండీ," అంది మెల్లగా. ఆ మాట జకరయ్యకు గుచ్చుకుంది. గంగాభ్రమరమ్మ గాలికి చేతులు చాచినప్పుడు కూడా అతను ఊరుకున్నాడు. ఇప్పుడు ఊరుకోబుద్ధి కాలేదు. నిజం చెబితే ఈయన దగ్గర చెల్లదు. మరేం చెబితే చెల్లుతుంది? ఫోటోల వృత్తిలో ఇరవయ్యారేళ్లు గడిపినవాడు మొదటిసారి రూల్సు గురించి ఆలోచించాడు.

"సార్," అన్నాడు నెమ్మదిగా. "ఈ ఫోటో తీసినప్పుడు మొదటి గదిలో రెండో తరగతి కార్డు ఉందండి."

"ఉందా? నిండిపోయిందన్నారు?"

"నిండిపోయింది. ఏ పనీ చేయలేదు. ఊరికే కూర్చుంది. పనంతా రెండో గదిలోని పదో తరగతిదే చేసింది. కానీ సీటులో మాత్రం సీనియరే ఉందండి. మీ ఏడో పేరా ప్రకారం..."

భీమశంకరంగారు కుర్చీలోంచి సగం లేచారు. సర్క్యులరు తెప్పించుకుని ఏడో పేరా బిగ్గరగా చదివారు. చదువుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి. తాను రాసిన వాక్యం ఒక మనిషిని అవసరానికి ఆదుకోవడం ఆయన సర్వీసులో అదే మొదలు.

"పర్యవేక్షణలో... ఆదేశముల మేరకు... దాని తరఫున! అంటే ఈ ఫోటో తీసింది రెండో తరగతి కార్డే!"

"అదేనండి."

"ఏ పనీ చేయకుండానే!"

"అదేనండి సార్."

"ఇన్నేళ్లూ మేం నడిపింది ఇదే కదండీ!" అంటూ ఆయన కలం తీశారు. సమాన హోదా గల గెజిటెడ్ సాక్ష్యము లభించినందున ఎర్రజెండాను తెల్లజెండాగా చదువుకోవలెను, అని రాసి సంతకం పెట్టారు.

కోటిలింగం కుర్చీ తీశాడు. గుర్తు చెక్కుచెదరలేదు. టేపు పెడితే అయిదు మీటర్ల ముప్ఫయ్యొకటి. అయిదు కావడానికి ఆరు నిమిషాలుండగా పేరు వెళ్లింది. సుగుణ కోటిలింగం చేతులు పట్టుకుని ఊపేసింది. అతను ఈల వేయబోయి, నవ్వొచ్చి వేయలేకపోయాడు.

కథ రాజధానికి చేరింది. న్యాయం నిలబెట్టిన ఫోటోకు ప్రశంసాపత్రం మంజూరైంది. ఏడో పేరాను బట్టి అది రెండో తరగతి కార్డుకు చెందింది. మొదటి గదిలో హాజరు లేకపోయినా పని చేసినందుకు పదో తరగతి కార్డుకు మెమో ఇచ్చారు. దాని తరఫున సంజాయిషీ రాసే పని జకరయ్య మీద పడింది. "ఇకమీదట ఇంత వేగముగా పని చేయనని మనవి" అని రాశాడు. ఆమోదించారు.

ప్రశంసాపత్రం ప్రదానం మాత్రం ఆగిపోయింది. గెజిటెడ్ కార్డును సత్కరించే ఫోటోను అంతకన్నా పై తరగతి కార్డు మీద తీయాలి. ఒకటో తరగతి కార్డు కావాలని భీమశంకరంగారు రాశారు. అలాంటిది తయారే కాదని కంపెనీవారు జవాబిచ్చారు. తయారు చేయనందుకు సంజాయిషీ కోరుతూ వారికి లేఖ వెళ్లింది.

ఆ లేఖ టైపవుతుండగానే జకరయ్య ఒక రోజు సెలవు చీటీ పెట్టాడు. రాష్ట్ర పోటీలు జరిగే ఊరికి ఎనిమిది గంటల బస్సు ప్రయాణం. "కెమెరా కూడా తీసుకెళ్లండి, డ్యూటీ కింద రాసుకోవచ్చు," అన్నారు భీమశంకరంగారు. "వద్దులెండి సార్," అన్నాడు.

స్టేడియంలో మెట్ల మీద, ఎండకు తువ్వాలు తల మీద వేసుకుని కూర్చున్నాడు. సుగుణ మూడోసారి దూకినప్పుడు తెల్లజెండా లేచింది. అయిదు మీటర్ల అరవై నాలుగు. మూడో స్థానం. ఆమె కంచు పతకం మెడలో వేసుకునే జనంలోంచి వెతుక్కుంటూ పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్‌గారూ! ఏదీ, చూపించండి! కాళ్లు ఎలా వచ్చాయో చూద్దాం!"

"ఏం చూపించనమ్మా? నేను కెమెరా తేలేదు."

"మరి ఏం చేశారు?"

"చూశాను."

సుగుణ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అయ్యో రామ! ఎనిమిది గంటలు బస్సులో వచ్చి ఉత్తినే చూశారా?"

"ఉత్తినే చూశాను," అన్నాడు జకరయ్య. చాలా ఏళ్ల తర్వాత అతనికి పగలబడి నవ్వాలనిపించింది, నవ్వాడు. ఆ పిల్ల కూడా నవ్వడం మొదలుపెట్టింది.